ఓర్వకల్లు - వాడరేవు మార్గం

ఓర్వకల్లు - వాడరేవు మార్గం కర్నూలు జిల్లాలోని ఓర్వకల్లు నుండి బయలుదేరి నంద్యాల, గిద్దలూరు, కంభం, మార్కాపురం, పొదిలి, ఒంగోలు, చీరాల మీదుగా బంగాళాఖాతపు తీరంలోని వాడరేవును చేరే రోడ్డు మార్గం. దీని పొడవు సుమారు 300 కి.మీ. ప్రభుత్వ పత్రాలలో ఈ పేరుతో ఒకే రహదారి లేదు. కొన్ని జాతీయ రహదారుల భాగాలు, కొన్ని ఇతర రోడ్లు కలిసి ఈ మార్గం ఏర్పడుతున్నది. సంప్రదాయికంగా రాయలసీమగా పేర్కొనే కర్నూలు, కడప, అనంతపురం, చిత్తూరు జిల్లాలకు సముద్రతీరం లేదు. అందువలన కర్నూలు, నంద్యాల ప్రాంతాల వారు సముద్రం చూడాలంటే నల్లమల కొండలు దాటి తూర్పుకు పోవలసి ఉంటుంది. అలా దాటే దారులలో మిక్కిలి వైవిధ్యం గలది ఇదే. వాన తక్కువైన రాతినేలలో మొదలై నల్లరేగడి మైదానం, దట్టమైన అడవి, ప్రాచీనమైన చెరువు, పలకల గనులు, ఉప్పుమడులు దాటి ఇసుక తీరంలో ముగుస్తుంది.

ఓర్వకల్లు పరిసరాలు

ఓర్వకల్లు కర్నూలుకు ఆగ్నేయంగా నంద్యాల రోడ్డుపై ఉన్న మండల కేంద్రం. కర్నూలు నుండి చిత్తూరు వైపు సాగే 40వ నంబరు జాతీయ రహదారి దీని పక్కగా పోతుంది. 2010లో దేశంలోని రహదారుల నంబర్లు మార్చక మునుపు దీనిని 18వ నంబరు రహదారి అనేవారు. పాతకాలపు మైలురాళ్ళ గురించి చెప్పే పెద్దలు నేటికీ ఆ నంబరే వాడుతుంటారు. ఊరి పేరులోని "కల్లు" అనగా రాయి. గోరకల్లు, గుంతకల్లు వంటి ఊళ్ళ పేర్లలోనూ ఇదే పదం కనిపిస్తుంది. తాగే కల్లుతో దీనికి సంబంధం లేదు.

ఊరి పేరుకు తగినట్లే రహదారి పక్కన రాళ్ళగుట్టలు విస్తరించి ఉన్నాయి. సిలికా, క్వార్ట్జ్ అధికంగా గల ఈ రాళ్ళు గాలికి, వానకు అరిగి స్తంభాల వలె, గొడుగుల వలె వింత ఆకారాలు దాల్చాయి. రాష్ట్ర పర్యాటక శాఖ ఇచ్చట రాక్ గార్డెన్ ఏర్పాటు చేసింది. గుట్టల నడుమ చిన్న జలాశయం, నడక దారులు, ఉపాహారశాల ఉన్నాయి. ఎండ తగ్గిన తరువాత చూడడం మేలు. మధ్యాహ్నం వేళ రాయి వేడెక్కి నిలువనీయదు. ఇదే మండలంలోని కేతవరం వద్ద గుహలలో చరిత్రపూర్వ మానవులు గీసిన చిత్రాలు ఉన్నాయి. కాల్వబుగ్గ వద్ద రామేశ్వరస్వామి ఆలయం, దాని చెంత ఎప్పుడూ పారే నీటి ఊట ఉన్నాయి. సీమ భాషలో బుగ్గ అంటే ఊట. చుట్టూ నెర్రెలు విచ్చిన నేల ఉండగా మధ్యలో పారే ఆ సన్నని ధారను చూసినవారికి అచ్చట గుడి ఎందుకు వెలసిందో వేరుగా చెప్పనక్కరలేదు.

ఓర్వకల్లు చాలాకాలం బస్సు నిమిషం ఆగి పోయే ఊరుగానే ఉండేది. 1990 దశకంలో ఐక్యరాజ్యసమితి అభివృద్ధి కార్యక్రమం తోడ్పాటుతో ఇక్కడ బలపడిన మహిళా పొదుపు సంఘాలు బయటివారి దృష్టిని ఆకర్షించాయి. 2017లో ఈ మండలంలోని శకునాల, గడివేముల మండలంలోని గని గ్రామాల పరిధిలో 1,000 మెగావాట్ల సౌర విద్యుత్తు పార్కు ప్రారంభమైంది. 2021 మార్చిలో కర్నూలు విమానాశ్రయం ఓర్వకల్లు వద్దనే మొదలైంది. దానికి ఉయ్యాలవాడ నరసింహారెడ్డి పేరు పెట్టారు.

కుందూ మైదానం

ఓర్వకల్లు దాటి పాణ్యం చేరేసరికి గుట్టలు వెనకబడి నల్లరేగడి భూములు మొదలవుతాయి. ఇది కుందూ నది మైదానం. శనగ, పత్తి, జొన్న, కాలువ కింద వరి ఇచ్చటి ప్రధాన పంటలు. పాణ్యం, నంద్యాల పేర్లు భూగర్భ శాస్త్రం చదివే విద్యార్థులకు సుపరిచితం. 1872లో విలియం కింగ్ కడప, కర్నూలు శిలల గురించి వెలువరించిన గ్రంథం మొదలుకొని ఈ ప్రాంతపు రాతి పొరల అధ్యయనం సాగుతూ వచ్చింది. పొరలకు ఊళ్ళ పేర్లు పెట్టారు. పాణ్యం క్వార్ట్జైటు, నంద్యాల షేలు, కంభం శిలలు అలా వచ్చినవే. ఆ మూడు ఊళ్ళూ ఈ దారిలోనే ఉన్నాయి.

నంద్యాల దగ్గర దాటే కాలువ కర్నూలు - కడప కాలువ. దీనిని వాడుకలో కె.సి. కెనాల్ అంటారు. తుంగభద్రపై సుంకేసుల వద్ద ఆనకట్ట కట్టి మద్రాసు ఇరిగేషన్ కంపెనీ 1860 దశకంలో దీనిని తవ్వించింది. మొదట సరుకుల పడవలు నడపడానికి కూడా ఉద్దేశించారు. కంపెనీకి లాభాలు రాకపోవడంతో 1882లో ప్రభుత్వమే దీనిని స్వాధీనం చేసుకుంది.

నంద్యాల పేరుతో ముడిపడిన మరొక విషయం బియ్యం. కర్నూలు సోనా అని అంగళ్ళలో అమ్మే సన్నబియ్యం ఎక్కువగా సాంబ మసూరి రకానికి చెందినది. రైతులు దీనిని బి.పి.టి. 5204 అంటారు. బి.పి.టి. అనగా బాపట్ల. ఈ మార్గం చివర, సముద్రానికి కొద్ది దూరంలో ఉన్న బాపట్ల పరిశోధనా కేంద్రంలో రూపొంది 1986లో విడుదలైన వంగడం కొండలు దాటి వచ్చి కుందూ ఒడ్డున స్థిరపడి, కర్నూలు పేరు పెట్టుకుంది.

నంద్యాల నుండి మహానంది దగ్గరే. ఆలయ కోనేటిలోని నీరు అడుగున పడిన నాణెం కనిపించేంత తేటగా ఉంటుంది. అందులో నుండి పారే నీరు చుట్టుపక్కల అరటితోటలకు అందుతుంది. 1830లో మద్రాసు నుండి కాశీకి బయలుదేరిన ఏనుగుల వీరాస్వామయ్య అహోబిలం, మహానంది, శ్రీశైలం దర్శించుకుంటూ నల్లమల అంచు వెంట ఉత్తరానికి సాగాడు. ఆయన కాశీయాత్ర చరిత్రలో ఈ ప్రాంతపు ప్రయాణ సాధకబాధకాలు తెలుస్తాయి.

నల్లమల దాటుట

గాజులపల్లె వద్ద రోడ్డు అడవిలో ప్రవేశిస్తుంది. కుందూ లోయకు, కంభం లోయకు నడుమ నల్లమల గోడ వలె ఉత్తర దక్షిణాలుగా నిలిచి ఉంది. దీనిని దాటడానికి ఉన్న కొద్ది కనుమలలో నందికనుమ ముఖ్యమైనది. ఉత్తరాన ఆత్మకూరు - దోర్నాల దారి మరొకటి. అది పులుల అభయారణ్యం నడుమ నుండి పోతుంది కనుక రాత్రివేళ వాహనాలను అనుమతించరు.

పూర్వం కోస్తా ఉప్పు సీమలోకి ఇటువంటి కనుమల గుండానే వచ్చేది. లంబాడీలు ఎద్దుల వీపున పెరికెలు వేసి, వందల ఎద్దులను మందగా తోలుకుంటూ తీరం నుండి ఉప్పు తెచ్చి, తిరుగు ప్రయాణంలో ధాన్యం, పత్తి తీసుకుపోయేవారు. ఈ రవాణా పద్ధతి ఎంత బలహీనమైనదో 1876-78 నాటి కరవులో తెలిసివచ్చింది. ధాత కరవుగా జనం చెప్పుకునే ఆ కరవులో కర్నూలు జిల్లా దారుణంగా నష్టపోయింది. 1871 జనాభా లెక్కలతో పోలిస్తే 1881 నాటికి జిల్లా జనాభా దాదాపు నాలుగో వంతు తగ్గింది. అదే కాలంలో కృష్ణా డెల్టాలో ఆనకట్ట కింద పంటలు పండుతూనే ఉన్నాయి. ధాన్యం ఉన్న చోటుకు, ఆకలి ఉన్న చోటుకు మధ్య ఉన్నది కొన్ని దినాల బండి ప్రయాణమే. కాని బండి లాగవలసిన ఎద్దుకు దారిలో గడ్డి, నీరు లేవు. ఎద్దు మోయగల ధాన్యంలో కొంత ఎద్దుకే పెట్టవలసి వస్తే గమ్యం చేరేది ఎంత? కరవులో బండి దారులు ఎందుకు పనికిరాకుండా పోతాయో దీనిని బట్టి గ్రహించవచ్చు.

ఆ అనుభవం తరువాత, కరవు నివారణ కోసమని ప్రభుత్వం ఇక్కడ రైలు మార్గం వేయించింది. బళ్ళారి - కృష్ణా రైల్వేగా పిలిచిన ఈ మీటరు గేజి మార్గం 1890 ప్రాంతానికి గుంతకల్లును బెజవాడతో కలిపింది. దీనికై నల్లమలలో బొగద వద్ద కొండను తొలిచారు. లోయపై దొరబావి వంతెనను ఎత్తైన స్తంభాల మీద నిలిపారు. 1990 దశకంలో బ్రాడ్ గేజికి మార్చినపుడు మార్గాన్ని పక్కకు జరపడంతో పాత వంతెన వాడుక నుండి తొలగిపోయింది. కొత్త మార్గంలో అడవి నడుమ చెలమ అనే స్టేషను ఉంది. చెలమ అనగా ఊటనీటి కోసం ఇసుకలో తీసిన గుంట. ఘాటు దిగిన చోట ఉన్న స్టేషను పేరు దిగువమెట్ట. పేర్లు వింటేనే నేల తీరు తెలిసిపోయే దారి ఇది.

నేటి రోడ్డు ప్రయాణంలో మిక్కిలి అందమైన భాగం కూడా ఈ అడవే. ఇది ఆకురాల్చే అడవి. వర్షాకాలం చివర, అనగా సెప్టెంబరు నుండి నవంబరు వరకు, టేకు, వెదురు, నల్లమద్ది చెట్లతో పచ్చగా ఉంటుంది. ఏప్రిల్ నాటికి ఆకులన్నీ రాలి కొండల రాతి పలకలు బయటపడతాయి. అప్పుడు చూసినవారు ఇది అదే అడవి అంటే నమ్మరు. పచ్చర్ల వద్ద అటవీశాఖ వారి విడిది ఉంది. దారిలో సర్వ నరసింహస్వామి ఆలయం వద్ద లారీ డ్రైవర్లు ఆగి కొబ్బరికాయ కొట్టి పోవడం ఆనవాయితీ.

అయితే ఇది విహారస్థలం మాత్రమే కాదు. చెంచుల నివాసం, పులులు, చిరుతల సంచార ప్రదేశం. 2024 జూన్‌లో పచ్చర్ల సమీపాన కట్టెల కోసం వెళ్ళిన ఒక మహిళ చిరుతపులి దాడిలో మరణించింది. అడవిలో వాహనం ఆపి దిగడం, కోతులకు తినుబండారాలు వేయడం తగదు. ఆహారానికి అలవాటుపడిన కోతులు రోడ్డు మీదనే ఉండి బండ్ల కింద పడుతుంటాయి. వేసవిలో ఆర్పకుండా పారవేసిన బీడీ ముక్క కూడా కార్చిచ్చుకు కారణం కాగలదు.

గుండ్లకమ్మ వెంట

ఘాటు దిగి గిద్దలూరు చేరగానే నీరు పారే దిక్కు మారుతుంది. నల్లమలకు పడమట పడిన వాన కుందూలో చేరి, దక్షిణంగా పోయి పెన్నలో కలుస్తుంది. తూర్పున పడిన వానను గుండ్లకమ్మ నది పోగుచేసుకొని నేరుగా సముద్రానికి తీసుకుపోతుంది. ఈ నది గుండ్ల బ్రహ్మేశ్వరం ప్రాంతపు అడవిలో పుట్టింది. ఇక్కడి నుండి ఒంగోలు దాటేవరకు ఈ నది రోడ్డుకు ఎప్పుడో దగ్గరగా, ఎప్పుడో దూరంగా తోడు వస్తుంది.

గిద్దలూరు, కంభం, మార్కాపురం ప్రాంతాలు 1970 వరకు కర్నూలు జిల్లాలో ఉండేవి. ఆ సంవత్సరం ఒంగోలు కేంద్రంగా కొత్త జిల్లా ఏర్పడినపుడు అందులో చేర్చారు. మాటతీరులో, వంటలో ఇప్పటికీ సీమ పోలికలు ఇక్కడ కనిపిస్తాయి. రొట్టెకు జొన్నపిండి, పప్పులోకి ఎండుమిరపకాయ అనే తీరు ఇంకొంత దూరం సాగుతుంది.

కంభం చెరువు ఈ మార్గంలో తప్పక చూడవలసినది. రెండు కొండల నడుమ గుండ్లకమ్మకు అడ్డంగా కట్ట వేసి విజయనగర కాలంలో దీనిని నిర్మించారు. శ్రీకృష్ణదేవరాయల దేవేరి వరదరాజమ్మ కట్టించినట్లు ప్రతీతి. కట్ట పొడవు తక్కువ, నిలిచే నీరు ఎక్కువ. కొండలే గోడలుగా పనిచేయడం ఇందులోని నేర్పు. ఐదు శతాబ్దాల తరువాత కూడా దీని కింద పొలాలు సాగవుతున్నాయి. 2020లో అంతర్జాతీయ నీటిపారుదల, మురుగునీటి కమిషను దీనిని ప్రపంచ వారసత్వ నీటిపారుదల కట్టడంగా గుర్తించింది. అదే సంవత్సరం కె.సి. కెనాల్‌కు, కడప జిల్లాలోని పోరుమామిళ్ళ చెరువుకు కూడా ఆ గుర్తింపు లభించింది. మంచి వానలు పడిన ఏడు కట్ట మీద నిలబడితే నీరు ఎక్కడ ముగిసి కొండ ఎక్కడ మొదలైందో చెప్పడం కష్టం. వరుసగా వానలు లేని ఏళ్ళలో చెరువు అడుగు బయటపడి పశువులు మేస్తుంటాయి.

మార్కాపురం పలకలకు పేరుపొందింది. బడిపిల్లలు అక్షరాలు దిద్దిన రాతిపలకలలో అధికభాగం ఇక్కడివే. పొరలు పొరలుగా విడివడే కంభం శిలలనుండి వీటిని తీస్తారు. నోటుపుస్తకాలు వచ్చాక రాతపలకకు గిరాకీ తగ్గి, ఇళ్ళ గోడలకు, నేలకు పరిచే పలకలు ఎగుమతి చేయడం మొదలైంది. ఇచ్చటి చెన్నకేశవస్వామి ఆలయం ప్రసిద్ధమైనది.

మార్కాపురం, పొదిలి, కనిగిరి ప్రాంతాలలో తాగునీటి సమస్య తీవ్రమైనది. కనిగిరి వైపు భూగర్భజలంలో ఫ్లోరైడు ఎక్కువగా ఉండి, అది తాగినవారికి ఎముకలు వంగిపోవడం, పళ్ళపై గారలు రావడం వంటి బాధలు కలిగాయి. శ్రీశైలం జలాశయం నుండి నల్లమల కింద సొరంగాలు తవ్వి ఈ ప్రాంతానికి కృష్ణా నీరు తేవడానికి వెలిగొండ ప్రాజెక్టు తలపెట్టారు. 1996లో మొదటిసారి శంకుస్థాపన జరిగింది. రెండు సొరంగాల తవ్వకం పూర్తి కావడానికి 2024 వచ్చింది. ప్రయాణీకుడు ఒక గంటలో కారులో దాటిన కొండలో నీటికి దారి తవ్వడానికే ఇన్నేళ్ళు పట్టింది.

పొదిలి తరువాత చీమకుర్తి వస్తుంది. నల్లని రాతిలో బంగారు చుక్కలు మెరిసే గెలాక్సీ గ్రానైటు ఇక్కడి గనులలో దొరుకుతుంది. వ్యాపారంలో గ్రానైటు అన్నా, శాస్త్రరీత్యా ఇది గాబ్రో జాతి శిల. రాతి దిమ్మెలు మోసే లారీల వలన ఈ భాగంలో దుమ్ము ఎక్కువ. ద్విచక్ర వాహనదారులు జాగ్రత్త వహించాలి. ఒంగోలు జాతి పశువులకు ప్రసిద్ధి. బ్రెజిల్‌లో నెలోరె అని పిలిచే పశుజాతి ఇచ్చటి పశువుల సంతతే.

ఒంగోలు దాటాక గుండ్లకమ్మను చివరిసారి దాటాలి. ఎగువన మల్లవరం వద్ద దీనిపై జలాశయం ఉంది. 2022లో ఒకసారి, 2023లో మరొకసారి గేట్లు కొట్టుకుపోయి నిలువ చేసిన నీరు సముద్రం పాలైంది. మార్గమంతటా నీటికై పడే పాట్లు చూసి వచ్చినవారికి ఈ సంగతి బాధ కలిగిస్తుంది.

తీరప్రాంతం

ఒంగోలు నుండి చీరాల వరకు దారి 216వ నంబరు జాతీయ రహదారిపై సాగుతుంది. చినగంజాం వద్ద ఉప్పుమడులు కనిపిస్తాయి. ఇక్కడికి సమీపంలోని మోటుపల్లి మధ్యయుగాలలో పెద్ద రేవు. పూర్వపు రాజులు తుఫానుకు చెడిపోయి ఒడ్డుకు కొట్టుకువచ్చిన ఓడలలోని సరుకును స్వాధీనం చేసుకునేవారు. కాకతీయ గణపతిదేవుడు 1244-45లో వేయించిన అభయ శాసనంలో ఆ పద్ధతిని విడిచి, నిర్ణీత సుంకం మాత్రమే తీసుకుంటానని విదేశీ వర్తకులకు హామీ ఇచ్చాడు. ఆ శాసనం ఇక్కడి వీరభద్రాలయంలో ఉంది. మార్కో పోలో తన యాత్రా గ్రంథంలో ముట్‌ఫిలి అన్నది ఈ ఊరినే అని చరిత్రకారుల అభిప్రాయం.

వేటపాలెంలో 1918లో స్థాపించిన సారస్వత నికేతనం గ్రంథాలయం ఉంది. పాత తెలుగు పత్రికల కోసం పరిశోధకులు దూరప్రాంతాల నుండి ఇక్కడికి వస్తారు. ఈ ఊరి జీడిపప్పు కూడా పేరుపొందినదే. చీరాల చేనేతకు, 1921 నాటి చీరాల - పేరాల ఉద్యమానికి ప్రసిద్ధి. దుగ్గిరాల గోపాలకృష్ణయ్య నాయకత్వంలో పురపాలక పన్నులను నిరాకరించిన ప్రజలు ఊరు విడిచి రామనగరం అనే పేరుతో పాకలు వేసుకొని నెలల తరబడి నివసించారు.

చీరాలకు సుమారు 6 కి.మీ. దూరంలో వాడరేవు ఉంది. దీనికి దక్షిణాన రామాపురం, ఉత్తరాన బాపట్ల దాటి సూర్యలంక తీరాలు ఉన్నాయి. మూడు చోట్లా అతిథిగృహాలు వెలిశాయి. శని, ఆదివారాలలో హైదరాబాదు, గుంటూరు, విజయవాడల నుండి వచ్చేవారితో కిక్కిరిసి ఉంటాయి. కార్తీక మాసంలో సముద్రస్నానానికి వచ్చేవారు ఇంకా ఎక్కువ. నిశ్శబ్దం కోరేవారు పనిదినాలలో, తెల్లవారుజామున రావడం మంచిది. ఆ వేళకు వేటకు వెళ్ళిన మత్స్యకారుల పడవలు తిరిగివచ్చి ఒడ్డునే చేపల వేలం జరుగుతుంది. 1977 నవంబరు 19 నాటి ఉప్పెన దివిసీమతో పాటు ఈ తీరాన్నీ దెబ్బతీసింది. 2023 డిసెంబరు 5న మిచాంగ్ తుఫాను బాపట్ల సమీపానే తీరం దాటింది. తుఫాను హెచ్చరిక ఉన్న దినాలలో ప్రయాణం మానుకోవాలి.

ఈ తీరాలలో స్నానానికి దిగి మరణించేవారు తరచు ఉంటున్నారు. లోతట్టు జిల్లాల నుండి వచ్చేవారు ఈ విషయం ప్రత్యేకించి తెలుసుకోవాలి. బావిలో, కుంటలో ఈత నేర్చినవారికి నిలకడ నీరే అలవాటు. సముద్రంలో అలలు ఒడ్డుకు తెచ్చిన నీరు ఏదో ఒక సన్నని పాయగా చేరి వేగంగా లోపలికి తిరిగిపోతుంది. ఆ పాయ ఉన్న చోట అలలు తక్కువగా, నీరు ప్రశాంతంగా కనిపిస్తుంది. అది చూసి క్షేమమని దిగినవారే ఎక్కువగా చిక్కుకుంటారు. అందులో పడినవారు దానికి ఎదురీది అలసిపోకూడదు. తేలుతూ ఉండి, ఒడ్డుకు సమాంతరంగా పక్కకు ఈది, ప్రవాహం నుండి బయటపడిన తరువాతనే ఒడ్డు వైపు తిరగాలి. పోలీసులు, గజఈతగాళ్ళు నాటిన హద్దు జెండాలు దాటరాదు. చేపలవారు ఫలానా చోట దిగవద్దని చెబితే దిగకపోవడమే తెలివి.

ప్రయాణ సౌకర్యాలు

ఓర్వకల్లు నుండి ఉదయాన్నే బయలుదేరితే కారులో దాదాపు ఏడు గంటలలో వాడరేవు చేరవచ్చు. కంభం చెరువు, మార్కాపురం ఆలయం చూడదలచినవారు మార్కాపురంలోగాని ఒంగోలులోగాని రాత్రి బస చేయడం అనుకూలం. నల్లమల భాగాన్ని పగటిపూట దాటేలా చూసుకోవాలి. గాజులపల్లె, దిగువమెట్టల మధ్య ఇంధనం దొరుకుతుందని ఆశించరాదు. నంద్యాలలోనే నింపుకోవాలి. బస్సులో పోయేవారు నంద్యాలలో, ఒంగోలులో మారవలసి ఉంటుంది. రైలులో నంద్యాల నుండి గిద్దలూరు, కంభం, మార్కాపురం రోడ్ స్టేషన్ల మీదుగా గుంటూరు చేరి, అచ్చటినుండి తెనాలి మీదుగా చీరాలకు పోవచ్చు. దూరం ఎక్కువైనా, బొగద అడవిని కిటికీ నుండి చూడదలచినవారికి అదే మేలైన దారి.

జనవరి నుండి మార్చి వరకు ఇటువంటి దారులలో మరొక రకం ప్రయాణీకులు కూడా కనిపిస్తారు. కర్నూలు జిల్లా పశ్చిమ మండలాల నుండి కుటుంబాలు వంటపాత్రలతో, పిల్లలతో వాహనాలలో కిక్కిరిసి గుంటూరు ప్రాంతపు మిరప కోతలకు వలసపోతుంటాయి. కోతలు ముగిశాక, ఉగాది ముందువెనుకలుగా, కూలి కింద వచ్చిన మిరపకాయల బస్తాలను వాహనాల పైన కట్టుకొని తిరిగివస్తారు.